మొలక పోయిన మందు

ఇన్సులిన్‌కు ఒక వాసన ఉంటుంది. దవాఖానా వరండాలో ఫినాయిలుతో తుడిచి వెళ్లాక మిగిలే వాసన లాంటిదే, కానీ అంతకంటే సన్ననిది. సూది మొనకు ఒక చుక్క తెచ్చి చూసుకుంటాను కదా, ఆ చుక్కలోంచి వస్తుంది. పొద్దున వంటింట్లో ఆ వాసన తగలగానే నాకు ఎక్కడలేని చిరాకు వస్తుంది. మందు మీద కాదు, రాజేశం సారు మీద. ఆయన పోయి ఏళ్లయింది. అయినా ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టగానే వెనక నిలబడి అంటున్నట్టే ఉంటుంది. "కొత్తది ముట్టకు విమలా. పాతది ఒడిసినంకనే." నా ఇంట్లో, నా ఫ్రిజ్ ముందు, నా జబ్బు మీద కూడా ఆయన పెత్తనమే.

ఆయన నా మొదటి అధికారి. మెట్‌పల్లిలో ఎరువులు, విత్తనాలు అమ్మే సొసైటీ గోదాములో నేను గుమాస్తాగా చేరినప్పుడు ఆయన అక్కడ ఇన్‌చార్జి. పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. దిగిన ప్రతి బస్తాల వరుస మీదా ఆ సుద్దతో తారీకు వేసేవారు. చేరిన కొత్తలో ఒక రైతు యూరియా కోసం వస్తే, తలుపు దగ్గరున్న బస్తాలు ఇప్పించాను. అవి నిన్న దిగినవి. సారు వచ్చి చూసి, బండికెక్కిన బస్తాలన్నీ దింపించి, చివరి గోడ దగ్గరి పాత వరుసను తీయించారు. హమాలీలు నన్ను తిట్టుకున్నారు. రైతు ఎండలో నిలబడి గొణిగాడు. "రెండూ యూరియానే గద సారూ" అన్నాను ఉక్రోషంగా. "రెండూ యూరియానే. కని ముందుగాల వచ్చింది ముందుగాల పోవాలె. లేకపోతె ఎనుకది ఆడనే గడ్డగట్టి రాయైతది. గప్పుడు నువ్వు ఇంటికి తీస్కపోతవా?" అన్నారు ఆయన.

దండుగ అన్న మాట ఆయనకు బూతుతో సమానం. బస్తాల మూతులు విప్పిన సుతిలి తాడును ఉండలు చుట్టి దాచేవారు. వచ్చిన కవర్లను లోపలి వైపు బయటికి తిప్పి, అతికించి, మళ్లీ వాడేవారు. నిరుటి డైరీ ఒకటి రాయకుండా మిగిలిపోతే నాకిచ్చి, "తారీకులు కొట్టేసి రాసుకో, కాయితం పాసిపోలే గద" అన్నారు. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది అందులోనే. ఇవాళ్టికీ మానలేదు. కాబట్టి ఆయన వల్ల నాకు మేలు జరగలేదని అనను. అయితే ఒక మనిషి మంచి అలవాటే ఆ మనిషి మీదికి ఎట్లా తిరగబడుతుందో కూడా ఆయన దగ్గరే చూశాను.

అంత పొదుపరి ఒకే ఒక్కసారి నిలువ సరుకును వద్దనడం నాకు బాగా గుర్తు. గోదాములో ముందటి ఏడాది సోయా విత్తనాలు మిగిలాయి. తొలకరి పడింది, రైతులు వరుసలో నిలబడ్డారు. పాతది ముందు పోవాలన్న ఆయన నియమం ప్రకారం ఆ సోయానే ముందు ఇవ్వాలి. కానీ ఇచ్చే ముందు ఆయన గుప్పెడు గింజలను తడి గోనెపట్టలో చుట్టి మూలన పెట్టించారు. కొన్ని రోజులకు విప్పి చూస్తే అక్కడొకటి, ఇక్కడొకటి తప్ప మొలకలు లేవు. సొసైటీ పెద్దమనిషి వచ్చి, "వానలు పడ్డయి, ఇచ్చెయ్ రాజేశం. మొలిస్తె మొలుస్తయ్, లేకపోతె లే" అన్నాడు.

"మీ చెల్కల ఏస్తరా?" అని అడిగారు సారు.

పెద్దమనిషి తన చేను ఉన్న దిక్కు చూసి తల తిప్పుకున్నాడు.

"మొలక పోయినంక అది ఇత్తనం కాదు, మట్టి. మట్టి రైతు కాడ మస్తుగున్నది, మనం అమ్మవల్సిన పనిలే" అని, ఆ వరుస మీద సుద్దతో పెద్ద అక్షరాలతో రాశారు. "మొలక లేదు. ఎవ్వరికి ఇయ్యద్దు." ఆ నష్టానికి పైనుంచి మాటలు పడ్డారు కూడా. ఆ మనిషి మీద నా గౌరవం అక్కడే స్థిరపడింది. తర్వాత ఆయన నన్ను ఎంత విసిగించినా అది మాత్రం కదలలేదు.

రిటైరైన కొన్నేళ్లకు ఆయనకు షుగర్ వచ్చింది, గోలీలు దాటి ఇన్సులిన్‌కు వచ్చింది. అప్పటికి నేనూ రిటైరయ్యాను. మా రెండిళ్ల మధ్య ఒక గల్లీ తేడా. కొడుకు మహేందర్ దుబాయ్‌లో పనిచేసేవాడు. ఊరికి వచ్చే ప్రతి మనిషి చేతా సబ్బులు, చాక్లెట్లతో పాటు ఇన్సులిన్ సీసాలు పంపేవాడు. ఒకరోజు వెళితే సారు ఫ్రిజ్ తీసి, అచ్చం గోదాము చూపించినట్టు చూపించారు. పెట్టెల మీద తారీకులు, పాతవి ముందు, కొత్తవి వెనక. ముందు వరుస గడువు దాటడానికి వచ్చింది. వెనక వరుస నిగనిగలాడుతున్నది. విప్పిన సీసా తలుపు అరలో, మామిడికాయ తొక్కు జాడీ పక్కన ఉంది.

"ఇది ఎప్పుడు ఇప్పిన్రు సారూ?"

"ఉగాదికి ముందు."

బయట వాన పడుతున్నది. బోనాల పండుగ కూడా అయిపోయింది. ఆయన తీసుకునే మోతాదు తక్కువ, సీసా పెద్దది. విప్పిన నెలకు పారేయాలని డాక్టరు చెప్పలేదా అని అడిగాను. చెప్పాడట. "సగం మందున్నది విమలా. సగం మందు పారవోసుడా? యూరియా బస్తా ఇప్పినంక నెలకు పారవోసినమా మనం?"

"యూరియాను పొట్టల పొడుసుకోలే గద సారూ మీరు!"

సరోజనక్క, ఆయన భార్య, గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ నవ్వింది. "నువ్వన్న జర చెప్పు చెల్లె. నా మాట ఇంటె పొద్దు పడమట పొడుస్తది." ఆయన ఇద్దరినీ చూసి, సీసాను తిరిగి తొక్కు పక్కనే పెట్టి, ఫ్రిజ్ తలుపు మూశారు. ఆ రోజుకు గోదాము మూసినట్టే.

మరుసటి ఎండాకాలం ఇంకొకటి చేశారు. కరెంటు కోతలు పెరిగాయి. చల్లదనం పోకుండా ఉండాలని సీసాలన్నీ తీసి మంచు గడ్డకట్టే పై అరలో పెట్టారు. అవి గడ్డకట్టాయి. బయట పెట్టి కరిగించి, వాటినే వాడడం మొదలుపెట్టారు. ఈ సంగతి సరోజనక్క చెప్పగానే నేను ఎండలో గొడుగు కూడా లేకుండా వెళ్లాను.

"అవి ఖరాబైనయ్ సారూ. ఒక్కసారి గడ్డకడితె పనిచెయ్యవు. సీసా మీద కూడా రాసిన్రు, సదువుండ్రి."

"నీళ్లు గడ్డగట్టి కరిగితె నీళ్లు గావా?"

"గుడ్డు ఉడికి సల్లారితె మల్ల పచ్చిగుడ్డైతదా?"

ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూశారు. గెలిచాననుకున్నాను. "గుడ్డు ముచ్చట వేరు" అన్నారు. ఇంటికి వచ్చి ఆ రోజు డైరీలో ఆయన మీద కోపంతో పేజీ నింపేశాను. ఇప్పుడు చదివితే నవ్వు వస్తుంది, అప్పుడు రాలేదు.

ఎందుకంటే అప్పటికే ఆయన ఎడమ కాలి బొటనవేలి దగ్గర పుండు లేచింది. చెప్పు ఒరుసుకుని లేచిన చిన్న పొక్కు మానకుండా పెరిగింది. కరీంనగర్ తీసుకెళ్తే, షుగర్ దిగకపోతే వేలు పోతుందని, ఆగకపోతే పాదం దాకా రావచ్చని డాక్టరు చెప్పాడు. సూది వేసుకుంటున్నారా అంటే వేసుకుంటున్నా అన్నారు. అది అబద్ధం కాదు. ఒక్క పూటా తప్పలేదు. డాక్టరు మోతాదు పెంచాడు. షుగర్ దిగలేదు. మళ్లీ పెంచాడు. సత్తువ పోయిన మందును ఎంత పెంచితే ఏం లాభం? ఆ మాట డాక్టరుకు చెప్పమని సరోజనక్కకు చెప్పాను. చెప్పబోతే సారు, "ఇంట్ల సంగతులు ఆయనకెందుకు" అని నోరు మూయించారట.

అప్పుడే నిర్మల్‌లో ఉన్న బిడ్డ ఇంటికి శుభకార్యానికి వెళ్లారు. హడావిడిలో సీసా ఇక్కడే మర్చిపోయారు. అల్లుడు అక్కడి మందుల దుకాణంలో కొత్త సీసా కొనిచ్చాడు. సారు పెరిగిన మోతాదే వేసుకున్నారు. అన్నం వడ్డించడం కొంచెం ఆలస్యమైంది. పందిట్లో కూర్చున్న మనిషికి ఒళ్లంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది. ఎండ దెబ్బేమోనని కొందరు విసరడం మొదలుపెట్టారు. షుగర్ పడిపోయిందని పసిగట్టి సరోజనక్క వాళ్లను తోసుకుని వచ్చి చక్కెర నీళ్లు తాగించింది. స్పృహ తప్పకముందే తాగారు కాబట్టి బతికారు. అక్కడి డాక్టరు అంతా విని, "ఇన్నాళ్లు మీరు మందు ఏసుకోలే. ఇయ్యాల ఏసుకున్నరు" అన్నాడట.

వాళ్లు తిరిగి వచ్చాక చూడటానికి వెళ్లాను. దారి పొడుగునా ఏమేమి అనాలో కూర్చుకుంటూ వెళ్లాను. చాలా ఉన్నాయి. ఆయన మంచం మీద, కాలికి కట్టుతో, గోడకు ఆనుకుని కూర్చున్నారు. చూడగానే అన్నీ పోయి ఒక్కటే వచ్చింది.

"సోయా యాదికున్నదా సారూ?"

"ఏ సోయా?"

"మీ చెల్కల ఏస్తరా అని పెద్దమనిషిని అడిగిన్రు చూడుండ్రి, ఆ సోయా. రైతు చెల్కలకు పనికిరానిది మీ ఒంటికి ఎట్ల పనికొచ్చింది?"

ఆయన వంగి కాలి కట్టు మీద చెయ్యి వేశారు. "మొలక సూడలే" అన్నారు. తన కాలితో చెప్పుకున్నట్టు, మెల్లగా. "ముందుగాల వచ్చింది ముందుగాల పోవాలె అని మాత్రం సూసిన. మొలక సూడలే."

ఫ్రిజ్‌లోవన్నీ తెప్పించుకున్నారు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి అట్టపెట్టెలో పేర్చారు. ఆయన మొహం చూస్తే కూడబెట్టుకున్న ఆస్తిని వదులుకుంటున్నట్టు ఉంది. దాచిన సుతిలితోనే పెట్టె కట్టారు. పైన పెద్ద అక్షరాలతో రాశారు. "మొలక లేదు. ఎవ్వరికి ఇయ్యద్దు." పెంటకుప్పలో వేయనివ్వలేదు, ఎవరో ఏరుకుపోయి వాడుతారని. దవాఖానాకు పంపి, అక్కడే నాశనం చేయమన్నారు. తర్వాత మహేందర్‌కు ఫోన్ చేయించి, ఇక సీసాలు పంపొద్దని చెప్పారు. అవతలి నుంచి వాడు ఏదో అన్నట్టున్నాడు. "మంచియే బిడ్డా, దుబాయ్‌వి మంచియే. మస్తుగైనయ్. పారవోసిననాడు కాదు దండుగైంది, ఒడువనన్ని తెచ్చుకున్ననాడే అయింది" అన్నారు.

వేలు పోయింది. పాదం దక్కింది. చిన్న సీసాలకు, ఒక్కొక్కటిగా కొనుక్కోవడానికి మారి, మరికొన్నేళ్లు ఆ కాలితోనే మా గల్లీ దాకా నడిచి వచ్చేవారు. వచ్చి, నా ఇంట్లో వాడకుండా పడి ఉన్న ప్రతి వస్తువు గురించీ అడిగి నన్ను విసిగించేవారు. ఆ విషయంలో మాత్రం ఏమీ మారలేదు.

ఇప్పుడు నా వంతు. మందును ఫ్రిజ్ మధ్య అరలో, గోడకు తగలకుండా, తలుపుకు దూరంగా పెడతాను. ఒకటి వాడకంలో, ఒకటి నిలువ, అంతకు మించి తేను. విప్పినరోజు దాని మీద తారీకు వేస్తాను. అది ఆయన నేర్పిందే. నెల నిండేసరికి ఒక్కోసారి అడుగున కొంచెం మందు మిగులుతుంది. పారేయబోతే చెయ్యి ఆగుతుంది. అదీ ఆయన నేర్పిందే. ఒక పక్క దండుగ అంటూ, ఇంకో పక్క తారీకు చూడమంటూ, ఒకే మనిషి నన్ను రెండు చేతులా పట్టుకుని లాగుతుంటే చిరాకు రాదా? "మొలక లేదు సారూ" అని పైకే అని పక్కన పడేస్తాను.

అప్పుడు మాత్రం ఆయన ఏమీ అనరు.