సారా టీచరు గిటారుకు నేను మార్చిన అయస్కాంతం

1997. అరకు స్టేషను రోడ్డులో నా రిపేరు కొట్టు. రేడియోలు, టేపురికార్డర్లు, పెళ్ళిళ్ళ మైకు సెట్లు, చర్చిల్లోని యాంప్లిఫయర్లు. బొర్రా నుంచి చింతూరు దాకా నా చెయ్యి పడని యాంప్లిఫయర్ ఉండేది కాదు. చింతూరు మాట కొట్టేయండి, ఆ ఊరు నేనింతవరకు చూడలేదు. బొర్రాలో మాత్రం రెండు బాగుచేశాను. వాటిలో ఒకటి పనిచేసింది.

ఆ ఏడు వానలు తగ్గాక, ఒక బుధవారం, సారా టీచరు ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారును గోనెసంచిలో చుట్టి తెచ్చింది. మా కొట్టుకు మూడు కిలోమీటర్ల దూరంలో, కొండ మీది చర్చిలో పాటల బృందాన్ని ఆమే నడిపేది. వాళ్ళ పాటలు, వాళ్ళ ఆదివాసీ ఒరియాలోనే, మొదటిసారి క్యాసెట్‌గా రాబోతున్నాయి. రికార్డింగు మనిషి శుక్రవారం సాయంత్రం బస్సుకు విశాఖపట్నం నుంచి వచ్చి, శనివారం మధ్యాహ్నం పాసింజరు రైలుకు కొండ దిగిపోతాడు. మళ్ళీ రాడు. మొత్తం నాలుగు పాటలు. రెండింటికి గిటారు కావాలి. ఆ రెండింటిలో ఒకటి టీచరు స్వయంగా కట్టింది.

"మూగదైపోనాది బాబాయ్. శనివారానికి బేగి సేసి ఇచ్చీయాల" అంది.

ఎలక్ట్రిక్ గిటారుకు గొంతు పికప్. తీగల కింద ఒక అయస్కాంతం, దాని మీద వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. పైన తీగ కదిలితే కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఆమె వెళ్ళాక విప్పి చూశాను. కాయిల్ కొస ఒకటి చెమ్మకు పచ్చబడి, సోల్డరింగు దగ్గర తెగింది. అతికించాను. మోగింది. ఐదు నిమిషాల పని.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. మూడు కిలోమీటర్లు మోసుకొచ్చిన మనిషికి ఐదు నిమిషాల పని అని చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు ఆమె కబురు కనుక్కోవడానికి వస్తే, కాయిల్ మొత్తం మళ్ళీ చుట్టాలనీ, మద్రాసు స్టూడియోలకు నేను చాలా పికప్‌లు చుట్టాననీ చెప్పాను. నేను చుట్టినవి టేబుల్ ఫ్యాన్లు. అవీ విజయనగరంలో.

ఆమె వెళ్ళిన దగ్గర్నుంచి కాలు నిలవలేదు. గొంతు మునుపటిలాగే ఉంటే నేను ఏదో చేశానని ఆమెకెలా తెలుస్తుంది? కూర్చున్నాను, లేచాను, టీ తాగొచ్చాను, మళ్ళీ లేచాను. చివరికి పికప్ అడుగున ఉన్న పాత అయస్కాంతం లాగేసి, బలమైన కొత్తది తోశాను.

శుక్రవారం ఆమె వాయించి చూసింది. కొట్టు దద్దరిల్లింది.

"పెద్దగా ఉంది బాబాయ్. ముందిలగ ఉండీది కాదే."

"వింటేజ్ కాయిలమ్మా. చెవికి అలవాటవ్వాలి" అన్నాను. పాతకాలపు పికప్‌ల పద్ధతిలో కొత్తగా చేసినవాటిని వింటేజ్ అంటారని ఎక్కడో సంగీత సామగ్రి కేటలాగులో చదివాను.

శనివారం పొగడ్తలు అందుకోవడానికి సైకిలు మీద చర్చికి వెళ్ళాను. గిటారు పాటతోనే మొదలుపెట్టారు. మొదలవలేదు. టీచరు ఎంత శ్రుతి చేసినా లావు తీగలు నిలవవు. ఒక్క తీగ మీటితే రెండు స్వరాలు ఒకదాన్నొకటి తోసుకున్నట్టు వణుకుతోంది. గంట గడిచింది.

"టీచర్ గారూ, బండి టైమవుతోంది. నా కీబోర్డు వాయించేస్తాను, గిటారు వదిలేయండి" అన్నాడు రికార్డింగు మనిషి.

సారా టీచరు గిటారు ఒళ్ళో పెట్టుకుని బృందంలోని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "బాబాయి మూడ్రోజులు కూకుని సుట్టేరు. గిటారుకేటీ నేదు. నా సెవులే సెడిపోనాయి."

ముందు వరసలో పాడే మంగ్లి పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నీ సెవులకేటే? ఆ తీగ రెండు గొంతుల్తో ఏడుత్తంది, నాకూ ఇనబడతంది. ఈయనేటి, మేకు మీద కూకున్నట్టు కదుల్తన్నాడు?"

నిజమే, అప్పటికి నాలుగుసార్లు చోటు మారాను. టీచరు గిటారును సంచిలో పెట్టబోతుంటే ఇక ఆగలేకపోయాను.

"నేను కాయిల్ చుట్టలేదమ్మా. కొస తెగితే అతికించాను, బాగుపడిపోయింది. తరవాత అయస్కాంతం మార్చాను. అది తీగల్ని లాగేస్తున్నట్టుంది."

"బాగుపడిపోతే మార్చడమెందుకు?" అన్నాడు రికార్డింగు మనిషి.

"పని చేసినట్టు కనిపించాలని."

టీచరు అడిగింది. "పాతదేదీ?"

"కొట్టులో ఉంది. చిన్న మరలు పోకుండా అంటించుకోడానికి పెట్టుకున్నాను."

"ఎల్లు మరి" అంది మంగ్లి పెద్దమ్మ. "ఆ సైకిలేనా నీదా, అదీ అబద్ధమా?"

పావుగంటలో వెళ్ళొచ్చానని చాలామందికి చెప్పాను. ముప్పావుగంట పట్టింది. ఎగువకు సైకిలు తోసుకొచ్చాను. ఈలోగా గిటారు లేని రెండు పాటలూ వాళ్ళు రికార్డు చేసేశారు. తీగలు సడలించి, పికప్ విప్పి, పాత అయస్కాంతం పెట్టి, మళ్ళీ బిగించాను. ఏళ్ళ తరబడి నీరసించిన అయస్కాంతం అది. అందుకే తీగను పట్టుకోదు, దాని మానాన దాన్ని ఊగనిస్తుంది. టీచరు మీటింది. గొంతు చిన్నది, కానీ ఒక్కటే. ఆడవాళ్ళు పాడుతుంటే మాటలు మింగకుండా వాళ్ళ కిందే నడిచే గొంతు.

రికార్డింగు మనిషి వాచీ చూసుకున్నాడు. "ఒక్కటే పడుతుంది. ఏది?"

సారా టీచరు గిటారు సవరించుకుంది. "మొదటిదే పెట్టండి. అది అందరిదీ."

పాట బాగా వచ్చింది. టీచరు కట్టిన పాట మాత్రం మిగిలిపోయింది. వైర్లు చుట్టుకుని అతను దిగిపోయాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి, మళ్ళీ ఎవరో ఒకరు వస్తారులే అన్నాను. ఆమె కోప్పడలేదు.

"ఐదు నిమిషాల పని అని సెప్పుంటే నేను నవ్వుదునా బాబాయ్? ఐదు నిమిషాల్లో సేసీసేరని ఊరంతా సెప్పుకుందుము."

తరవాతి పదేళ్ళలో రిసార్టుల్లో వాయించే కుర్రాళ్ళు వింటేజ్ పికప్‌లు కావాలని వచ్చేవాళ్ళు. ముందు ఉన్నదాన్ని వినమనేవాణ్ణి. తీగలకు దూరంగా దింపి విను, బలం తక్కువని పారేయకు, గట్టిగా మోగేదల్లా మంచిది కాదు అని చెప్పేవాణ్ణి. ఐదు నిమిషాలు పట్టిన పనికి ఐదు నిమిషాలనే చెప్పేవాణ్ణి. కొందరు నాకు పని రాదనుకున్నారు.

ఆ క్యాసెట్టు నా దగ్గరుంది. ఇప్పటికీ వింటాను. మూడు పాటలయ్యాక టేపు ఖాళీగా తిరుగుతుంది, నేను ఆపను. గంటసేపు అలాగే కూర్చుంటానని రాయబోయాను. అంత లేదు. నాలుగైదు నిమిషాలు, ఒక పాట పట్టేంత.