జువ్విచెట్టు పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో మనకి తెలిసిన నాలుగు ముక్కలూ ఎదుటివాళ్ళకి చెప్పకపోతే కడుపుబ్బరంగా ఉంటుంది. (కొందరికి అరవైలోనూ తగ్గదనుకోండి, అది వేరే సంగతి.) నా పెళ్ళిచూపులు చెడిపోవడానికి జాతకాలూ కారణం కాదు, జీతమూ కారణం కాదు. జానెడు ఎత్తున్న ఒక జువ్విచెట్టు కారణమని చాలా ఏళ్ళు నమ్మాను.

ఇంటర్ చదివేటప్పుడు బందరులో మా డాబా పిట్టగోడ పగుల్లో ఆ మొక్క మొలిచింది. "పీకెయ్యరా, గోడ పగిలిపోద్ది" అంది అమ్మ. పీకాను గానీ పారెయ్యలేదు. ఫోనులో వీడియోలు చూసి, బోన్సాయ్ చేస్తానని లోతులేని మట్టి పళ్ళెంలో పెట్టాను. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే బాబాయి మెత్తటి రాగి తీగ ఇస్తే కొమ్మలకి చుట్టి, నాకు నచ్చిన వైపుకి వంచాను. రెండేళ్ళకోసారి పైకి తీసి వేళ్ళు కత్తిరించేవాణ్ణి. చిగురు పొడుగ్గా సాగితే గిల్లేవాణ్ణి. గుడివాడలో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం వచ్చాక కూడా, పొద్దున రైలెక్కే ముందు దానికి నీళ్ళు పోసి, సాయంత్రం ఇంటికి రాగానే మంచినీళ్ళైనా తాగకుండా డాబా ఎక్కేవాణ్ణి. ఏడేళ్ళకి అది లావుపాటి మొదలుతో, గొడుగులాంటి తలతో, ఎవరో ముసలి చెట్టుని మంత్రం వేసి కుదించినట్టు తయారైంది. బంధువులు నన్ను "కుండీగాడు" అనడం మొదలుపెట్టారు. నేను దాన్ని బిరుదనుకున్నాను.

అప్పుడే పెద్దమ్మ నాగాయలంక సంబంధం తెచ్చింది. వాళ్ళకి అక్కడ రొయ్యల చెరువులు, కాస్త పొలం. బందరులో వాళ్ళకేదో పని ఉండటంతో ఆచారానికి విరుద్ధంగా వాళ్ళే పిల్లని తీసుకుని మా ఇంటికి వచ్చారు. మా అబ్బాయికి ఏ చెడలవాట్లూ లేవని చూపించడానికి కాబోలు, అమ్మ ఆ చెట్టుని కిందికి తెప్పించి హాల్లో టీపాయ్ మీద, స్వీట్ల పళ్ళేనికీ జంతికల పళ్ళేనికీ మధ్య పెట్టింది.

పిల్ల తల్లిగారు దాన్ని చూసి, "భలే ముద్దుగా ఉందే! ప్లాస్టిక్‌దా బాబూ?" అన్నారు.

ప్లాస్టిక్ అనే మాట నా చెవిలో పడింది. అంతే.

"నిజమైన జువ్విచెట్టేనండి. ఏడేళ్ళది."

ఆవిడ చేతిలో జంతిక ఆగిపోయింది. "ఏడేళ్ళదా? మా చెరువు గట్టు మీద ఏడేళ్ళ జువ్వికి గేదెల్ని కడతాం! ఇదేంటి ఇలా గిడసబారిపోయింది?"

"గిడసబారలేదండి, నేనే పెరగనివ్వలేదు" అన్నాను గర్వంగా. పెద్దమ్మ దగ్గింది. ఆవిడకి జలుబు చేసిందనుకుని నేను ముందుకెళ్ళాను. "బలం ఎక్కువ పెట్టకూడదండి, పెడితే మాట వినదు. రెండేళ్ళకోసారి వేళ్ళు కత్తిరిస్తాను. ఎటు పెరగాలో ముందే అనుకుని తీగతో బిగించేస్తాను. ఎదురు తిరిగితే ఇంకో చుట్టు."

"వేళ్ళు కత్తిరిస్తావా బాబూ!" అంటూ ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. పిల్ల తండ్రిగారు కాఫీ కప్పు కింద పెట్టి, అప్రయత్నంగా తన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నారు. అందరూ నా విద్యకి నివ్వెరపోయారనుకుని, తీగ ఎలా చుట్టాలో నా చూపుడువేలికి చుట్టి మరీ చూపించాను.

రెండు రోజుల తర్వాత నేను గుడివాడ నుంచి వచ్చేసరికి డాబా మీద పళ్ళెం ఉండే చోట గుండ్రటి తడి మరక మాత్రమే ఉంది. కిందికి పరిగెత్తాను. అమ్మ, పెద్దమ్మ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

"పిల్లని ఇవ్వలేమన్నార్రా" అంది పెద్దమ్మ.

"నా చెట్టేది?"

"అదే చెప్తున్నా. పిల్లని ఇవ్వలేం గానీ, ఆ చెట్టుని మాకిస్తే నేలలో నాటుకుంటామని మనిషిని పంపారు. ఆవిడకి ఆ చెట్టు చూసిన దగ్గర్నుంచీ నిద్ర పట్టట్లేదంట."

"ఇచ్చేశారా?"

"ఇవ్వక? ఊరంతా నిన్ను కసాయివాడనకముందే పంపించేశాం" అంది అమ్మ. నేను రెండు పూటలు అన్నం తినలేదు. "సంబంధం పోయినందుకు కాదు, చెట్టు పోయినందుకు ఏడుస్తున్నావా! నిన్నెవరు చేసుకుంటార్రా" అని అమ్మ తల కొట్టుకుంది. (తర్వాత మొవ్వ ఊరి అమ్మాయి చేసుకుంది. ఆ చూపులకి వెళ్ళేముందు అమ్మ నా చేత మొక్కల ఊసెత్తనని ఒట్టు వేయించుకుంది.)

కిందటేడు కంపెనీవాళ్ళు నన్ను దివిసీమ వైపు వేశారు. నాగాయలంకలో ఒక రైతు ఇంటికి మేత గురించి మాట్లాడటానికి వెళ్తే, తలుపు తీసింది ఆ పిల్ల తల్లిగారే. నాకంటే ముందు ఆవిడే గుర్తుపట్టారు. "కుండీ అబ్బాయివి కదూ! రా బాబూ, నీ చెట్టుని చూద్దువుగాని" అంటూ పెరట్లోకి తీసుకెళ్ళారు.

డాబాని దాటి పెరిగిన చెట్టుని చూసి నోరు తెరిచాను. ఒక పక్క పచ్చగా గుబురుగా ఉంది, రెండో పక్క కొమ్మలన్నీ మొండి చేతుల్లా ఉన్నాయి.

"తీగలకి తగులుతుందని ఏటా కరెంటువాళ్ళొచ్చి నరికేస్తున్నారు బాబూ. చూడలేక చస్తున్నా. దీన్ని చిన్నగా ఉంచే ఉపాయం ఏదైనా ఉంటే చెప్దువూ" అన్నారావిడ.

తర్వాత ఆవిడ కొబ్బరిబోండాం అందిస్తూ, అమ్మాయికి ఇద్దరు పిల్లలనీ, విజయవాడలో సుఖంగా ఉందనీ చెప్పారు.

"ఆ రోజు నేను వేళ్ళు కత్తిరిస్తానని అనకుండా ఉండాల్సిందండి" అన్నాను నవ్వుతూ.

"భలేవాడివే! దానికీ దీనికీ ఏంటి సంబంధం? చెట్టు మీద జాలేసి అడిగాం, అంతే. సంబంధం మాకు నచ్చింది. పిల్లే వద్దంది."

"ఎందుకండీ?"

"గంటసేపు కూర్చున్నాం కదా బాబూ. ఒక్కసారైనా తన వైపు చూస్తావేమోనని చూసిందంట. నువ్వు చెట్టునే చూస్తున్నావంట."

ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుందో, ఏ రంగు చీర కట్టుకుందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. టీపాయ్ గుర్తొచ్చింది, జంతికలు గుర్తొచ్చాయి. ఇంకేమీ రాలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చూపుడువేలికి తీగ చుట్టుకుని ఉపన్యాసం ఇస్తున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే సిగ్గూ వేసింది, వాడి మీద కాస్త జాలీ వేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ పాలవాడి గురించి ఏదో చెప్తోంది. నేను తినడం మానేసి ఆమెనే చూస్తూ విన్నాను. చెప్తున్నదల్లా ఆగి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఏంటండీ అలా చూస్తున్నారు, జ్వరమా?" అంది.