బెజ్జాలు లేని చీర

మా బావగారి మగ్గం ఆగిపోకూడదని ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే పనికి దిగాను. మంగళగిరిలో ఆయన నేసిన చీరలు తీసుకునే కొట్టు మూతపడగానే, "ఇంకెవరికని నెయ్యనమ్మా, బెజవాడలో వాచ్‌మెన్ పనేదన్నా చూసుకుంటాను" అన్నారు. నలభై ఏళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి, ఏదో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి కార్లకి సెల్యూట్ కొట్టడం నేను ఊహించుకోలేకపోయాను. "నేను అమ్మిపెడతాను బావగారూ" అనేశాను. తెలిసి చేసిన వెధవపని కాదు, తెలియక చేసిందే.

చిలకాకుపచ్చ చీర ఫోటో తీస్తే ఫోన్‌లో పసుపుగా పడేది. డాబా మీద ఆరేసి ఓసారి, నీడలో ఓసారి తీసి, చివరికి ఏది అసలు రంగో నాకే అనుమానం వచ్చేది. పార్సిల్ తీసుకెళ్లే అతను మా సందు దొరకలేదని మెయిన్‌రోడ్డు నుంచే వెళ్లిపోయేవాడు. ఆలస్యం మాత్రం నా పేరున పడేది. ఇవన్నీ ఓర్చుకున్నాను. బెజ్జాల దగ్గరే నా ఓర్పు అయిపోయింది.

చేనేత చీరకి రెండంచుల్లోనూ సన్నని బెజ్జాలుంటాయి. నేసేటప్పుడు వెడల్పు తగ్గిపోకుండా మగ్గం మీద అడ్డంగా ఒక కర్ర పెడతారు. దాని కొనలకున్న సూదులు గుచ్చుకున్న గుర్తులవి. మా ఇళ్లలో ఆడవాళ్లు చీర కొనేముందు వేలితో తడిమి చూసేది వాటినే. బెజ్జాలు లేకపోతే మిల్లు చీర అని పక్కన పెట్టేస్తారు.

కొన్నవాళ్లు మాత్రం "అంచుల్లో చిల్లులు" అని రెండు చీరలు వెనక్కి పంపారు. సంగతి వివరించి రాద్దామంటే, యాప్‌లో కారణాల కింద ఉన్నవి నాలుగే మాటలు, అందులో మా మాట లేదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే యాప్‌లో నా దుకాణం మూసేస్తామని మెసేజ్ వచ్చింది.

మూడోది రానే వచ్చింది. రాసిన కారణం మళ్లీ చిల్లులే. పార్సిల్ విప్పి చూస్తే రంగు అదే గానీ చీర మాది కాదు. అంచులు రెండూ నున్నగా ఉన్నాయి. మా చీర ఉంచేసుకుని ఎక్కడిదో మిల్లు చీర పంపారు. కోపంతో పాటు నాకు ధైర్యం కూడా వచ్చింది, సాక్ష్యం చేతిలోనే ఉంది కదా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"ఇది మా చీర కాదండీ. మా చీరకైతే అంచుల్లో బెజ్జాలుంటాయి" అన్నాను.

"అంటే మీరు పంపిన చీరకి చిల్లులున్నట్టే కదా మేడమ్?" అన్నాడతను, చాలా మర్యాదగా.

"ఉన్నాయండీ, కానీ అవి..."

"థాంక్యూ మేడమ్, నోట్ చేసుకున్నాను."

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. మధ్యాహ్నానికల్లా నా దుకాణం మూసేశారు. తర్వాత ఎన్నిసార్లు చేసినా, మీ కాల్ మాకెంతో ముఖ్యం అని రికార్డు చేసిన గొంతే వినిపించింది. ఫోన్‌ని గోడకేసి కొడదామనిపించింది. కొన్నది నేనే కాబట్టి ఆగాను.

సాయంత్రం ఆ మిల్లు చీర పట్టుకుని బావగారింటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. అంచు బొటనవేలితో చివరిదాకా తడిమి, "శుభ్రంగానే ఉందమ్మా" అన్నారు. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

తర్వాత మగ్గం మీది కర్ర తీసి ఒళ్లో పెట్టుకుని, సూదులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టారు.

"ఇవి లేకుండా నేస్తే అంచు కాస్త వంకర పోద్ది. పోతే పోయింది. కొంటారేమో ఒకసారి అడిగి చూడమ్మా" అన్నారు.

దుకాణం మూసేశారని అప్పటికే రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు.