నోటిమాట చెల్లదన్న ముద్రగారు

ఉత్తరం చేరడానికి పది రోజులు పట్టే కాలంలో కొలువులో చేరి, కబురు రెప్పపాటులో అందే కాలం వచ్చినా ఆ పది రోజులను పిడికిట్లోంచి జారనివ్వక, గోడ మీద మూడు గడియారాలు మారి, గదిలో ఏడుగురు అధికారులు మారి, తన తల మీది జుట్టు సైతం సెలవు పుచ్చుకుని వెళ్లిపోయినా తాను మాత్రం మారకపోవడమే నిష్ఠ అని నమ్ముకున్న గుమాస్తా ఒకాయన ఉండేవాడు. వచ్చిన ప్రతి కాగితం మీదా "అందినది" అని ముద్ర కొట్టడం ఆయన పని. కొట్టకుండా తిప్పి పంపడం ఆయన ఆనందం. అంచున వేలెడు చోటు వదల్లేదని ఒక ముసలమ్మను మూడుసార్లు మెట్లెక్కించిన పుణ్యపురుషుడు. కార్యాలయంలో అందరూ ముద్రగారనేవారు. ఆ పిలుపులో గౌరవమెంతో ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

సంతానం లేని ఆయన ఇంట్లో ఇల్లాలు పెంచుకున్న నల్లకుక్క మసిగాడు. వాడు వారంగా ముద్ద ముట్టలేదు. నీళ్లగిన్నె దాకా వెళ్లి, వాసన చూసి, అక్కడే కూలబడేవాడు. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. పశువైద్యురాలు నెత్తురు తీసి పరీక్షకు పంపింది.

"గోమారి పురుగు కాటు జ్వరమో, మూత్రపిండాల జబ్బో తేలాలమ్మా. జ్వరమైతే సూది వేస్తాను. కాకపోతే ఆ సూదే ప్రమాదం. ఎల్లుండి ల్యాబువాళ్లు ఫోన్ చేస్తారు. వెంటనే వీణ్ని తీసుకొచ్చెయ్యండి."

పరీక్షకు పంపిన పత్రంలో 'యజమాని' అన్నచోట తన నంబరే ఉండాలని పట్టుబట్టి రాయించినవాడు ముద్రగారే. ఆ కుక్కకు ఒక్కనాడైనా పిడికెడు మెతుకులు విదిల్చిన పాపాన పోలేదు.

ఇల్లాలు ఆ రెండు రోజులూ చెంచాతో నీళ్లు పోస్తూ, వాడి డొక్క ఎగసిపడటం చూస్తూ కూర్చుంది. మూడోనాడు ఫోన్ మోగింది, కార్యాలయంలో.

"సార్, మీ కుక్క రిపోర్టు వచ్చింది. అది..."

"ఆగండి. మీరెవరు? మీ హోదా ఏమిటి?"

"ల్యాబులో పనిచేస్తాను సార్. ఏం వచ్చిందో చెబుతాను, రాసుకోండి."

"నోటిమాట చెల్లదు. సంతకం, ముద్ర ఉన్న కాగితం పోస్టులో పంపండి."

"పోస్టులోనా! సార్, అక్కడ కుక్క..."

"కుక్కకైనా నక్కకైనా నియమం ఒకటే," అని ఫోన్ పెట్టేసి, పక్కబల్ల గుమాస్తా వైపు తిరిగి మీసం దువ్వాడు. "ఏమంటావోయ్?"

"అనేదేముందండీ! తమరు రూలు తప్పితే రేపు సూర్యుడు రాడు."

ముద్రగారు దాన్ని పొగడ్తగానే స్వీకరించాడు. ప్రాణవాయువు లోపలికి వచ్చేటప్పుడు అనుమతి అడగదు, పోయేటప్పుడు రసీదు ఇవ్వదు. పెద్దలు చెప్పిన ఈ పాటి సంగతి ఆయనకు తెలియదు. ఆయన చదివిన శాస్త్రం కార్యాలయ నియమావళి ఒక్కటే.

సాయంత్రం "కబురేమైనా వచ్చిందాండీ?" అని ఇల్లాలు అడిగితే, "నడుస్తోంది," అన్నాడు. ముప్పైయేళ్లుగా ఆ నోట అరిగిపోయిన మాట.

మర్నాడు ఉదయం మసిగాడు లేవలేదు. ఇల్లాలు నేరుగా వైద్యురాలికే ఫోన్ చేసింది. విని, చొక్కా గుండీలు పెట్టుకుంటున్న భర్త ఎదుట నిలబడింది.

"నిన్ననే చెప్పబోతే వద్దన్నారట."

"వద్దనలేదు. కాగితం మీద పంపమన్నాను. పద్ధతనేది..."

"ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల ఉసురు పోసుకున్నారు. ఆఫీసు గొడవ నాకెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు ఇంట్లో కూడా మొదలెట్టారా? గోమారి జ్వరమేనట. నిన్ననే సూది పడాల్సిందట. వీణ్ని ఎత్తండి."

"నేనా? ఉతికిన చొక్కా..."

"ఎత్తండి!"

ఎత్తాడు. బరువే లేదు. బల్ల మీది కాగితాల కట్టే ఇంతకంటే బరువుంటుంది. ముద్రగారు చొక్కా మాట మరిచి వాకిట్లోకి నడిచాడు.

ఆసుపత్రిలో వైద్యురాలు ఒక అంగీకారపత్రం ముందుకు జరిపింది. దాని మీద తేదీ లేదు. కింది గీత వంకర. ఆయన చూపు ఎక్కడ ఆగిందో ఇల్లాలు కనిపెట్టింది.

"చూడండి, బాగా చూడండి. తప్పు దొరికితే తిప్పి పంపుదురు గాని."

ముద్రగారు చదవకుండా సంతకం చేశాడు. ఒక చేత్తో మసిగాణ్ని పట్టుకుని గీకిన అది ఆయన సంతకంలాగే లేదు. తన కార్యాలయానికి వచ్చి ఉంటే తానే చెల్లదనేవాడు.

సూది పడ్డాక రెండు రోజులు గండంగా గడిచాయి. మూడోనాడు మసిగాడు గిన్నె నాకాడు. ఆ మర్నాడు పోస్టులో రిపోర్టు దిగింది. సంతకం, ముద్ర, సర్వం సలక్షణం. ముద్రగారు దాన్ని పక్కన పెట్టి కళ్లజోడు వెతుక్కునేలోగా మసిగాడు తూలుకుంటూ వచ్చి, కాగితం మూల నమలసాగాడు.

"లాక్కోరేం?" అంది ఇల్లాలు.

"పోనీలేవే. నమిలే ఓపిక వచ్చింది కదా వాడికి."

దీంతో ఆయన మారిపోయాడని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. మర్నాడే రెండు అర్జీలు తిప్పి కొట్టాడు. నాలుగోసారి మెట్లెక్కిన ముసలమ్మది మాత్రం, అంచు వదలకపోయినా, ముద్ర వేసి పుచ్చుకున్నాడు. ఎండిన చెలమలో ఒక్క చుక్క ఊరినా శుభమే.

ఆ ఇంటికి స్వస్తి కలుగుగాక! ఇల్లాలి గొంతులోని ఆ గట్టిదనం తగ్గకుండుగాక! మసిగాడి గిన్నె పూటపూటా ఖాళీ అగుగాక! ముద్రగారి చెవికి, సంతకం లేకుండానే, సాటి ప్రాణి మొర చేరుగాక!