పండుగ అయ్యాక పోవలసిన మెయిల్

దుర్గకు మా ఆఫీసు కంప్యూటర్ ఎంత బాగా తెలుసో, అదంటే అంత భయం కూడా. చండ్రుగొండలో అడవి సరుకు అమ్మిపెట్టే మహిళా సంఘం మాది. నేను లెక్కలు చూస్తాను, తను మెయిళ్లు చూస్తుంది. ఆ మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ ముట్టని మెనూలన్నీ తెరిచి చూసిన పిల్ల. ప్రకటనలు వాటంతటవే వేరే ఫోల్డర్‌లో పడేలా చేసింది. కళ్లజోడు మరిచిపోయి వచ్చే నా కోసం అక్షరాలు పెద్దవి చేసిపెట్టింది. ఇంత తెలిసిన మనిషి, సాయంత్రం కాగానే నెట్ డబ్బాతో సహా ప్లగ్గులన్నీ పీకి, మానిటర్‌కు తువ్వాలు కప్పి గానీ ఇంటికి కదలదు.

"పామును చూసినట్టు చూస్తవేందే ఆ ప్లగ్గును?" అని రోజూ ఏడిపించేదాన్ని.

"పిడుగు పడి మా ఊరి బడి టీవీ కాలింది అక్కా. నువ్వు చూడలే, నేను చూసిన" అనేది.

వాళ్లది అడవిలోపలి ఊరు. కొత్త ఇప్పపువ్వును వేల్పుకు పెట్టనిదే అక్కడ ఎవరూ తినరు, అమ్మరు. అంతకుముందు అమ్మబోమని దుర్గ మాట ఇస్తేనే ఆడవాళ్లు ఈసారి పువ్వంతా సంఘం షెడ్డులో పోశారు. పువ్వును వేల్పుకు పెట్టే పండుగ గురువారమని ఊరిపెద్ద పగిడయ్య చెప్పాడు. సెలవు మీద వెళ్లేముందు దుర్గ, లారీ పంపమని ఖమ్మంలో ఇప్పపువ్వు లడ్డూలు చేసే కంపెనీకి మెయిల్ రాసి, శుక్రవారం పొద్దున దానంతటదే పోయేలా టైం పెట్టింది. శుక్రవారం కంప్యూటర్ వేయమని నాకు చెప్పి, అలవాటుగా ప్లగ్గులు పీకి బస్సెక్కింది.

బుధవారం పగిడయ్య వాళ్ల అన్న చనిపోయాడు. ఊరంతటికీ మైల, పండుగ వాయిదా. ఏడుపుల్లో, వంటల్లో పడి దుర్గ మెయిల్ సంగతే మరిచింది. శుక్రవారం పొద్దున వాళ్లమ్మ గంగక్క, "పువ్వు జాగ్రత్త బిడ్డా, నీ మాట మీదనే ఇచ్చిన్రు" అన్నప్పుడు గుర్తొచ్చిందట. లారీ వచ్చి పువ్వు ఎత్తుకుపోతే, వేల్పు వాటా అమ్ముకుందని ఊరు తననే అంటుంది. ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. దొరికిన ఆటో ఎక్కింది.

ఇక్కడ రాత్రి గాలివానకు పోయిన కరెంటు మధ్యాహ్నం గానీ రాలేదు. దుర్గ పీకి వెళ్లిన ప్లగ్గులన్నీ అప్పుడు పెట్టాను. నెట్ డబ్బాకు పచ్చలైటు వెలిగింది. కంప్యూటర్ స్విచ్ మీద చెయ్యి పెట్టానో లేదో, తలుపులోంచి నన్ను చూసి గేటు దగ్గర నుంచే దుర్గ కేక.

"అక్కా, వేయకు!"

లోపలికి ఉరికి వచ్చి నెట్ డబ్బా ప్లగ్గు పీకేసింది. రొప్పుతూ సంగతి చెప్పింది.

"మరి పొద్దుగాలనే పోయి ఉంటది గదనే?"

"లేదక్కా. ఈ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటేనే పోతది. ఇప్పుడు నెట్‌తోని తెరిస్తివా, టైం దాటిందని గప్పుడే పంపిస్తది."

నెట్ లేకుండానే కంప్యూటర్ వేసింది. అవుట్‌బాక్స్‌లో ఒక్కటే మెయిల్, కదలకుండా ఉంది. దాన్ని తీసేసి, డెస్క్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. రోజూ ఏడిపించిన నోటితోనే ఓదార్చాల్సి వచ్చింది నాకు. ఆ పిల్ల వీపు నిమురుతుంటే నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

కాసేపటికి తేరుకుంది. "ఇంకో తేదీ పెట్టి ఉంచరాదే, మళ్ల మరిచిపోతవ్" అన్నాను.

"వేల్పు పండుగకు తేదీ నేను పెట్టొద్దక్కా. పెద్దలు చెప్పినంక రాస్త."

మళ్లీ ఊరికి పోవాలని లేచింది. అలవాటు కొద్దీ ప్లగ్గుల వైపు వంగబోతే, నువ్వు బస్సు అందుకోమని పంపేశాను.

ఆ సాయంత్రం ప్లగ్గులన్నీ నేనే పీకాను. తువ్వాలు కూడా కప్పాను.