తువ్వాలు కింద పన్నెండు అంకెలు

ఆదోని పత్తి యార్డులో హనుమంతరాయుడి నోటి నుంచి ధర విన్నవాళ్లు లేరు. ఆయన కాలపు దళారులు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకునే ధర తేల్చుకునేవాళ్లు. పక్కన నిలబడ్డవాడికి ఏమీ తెలిసేది కాదు. వేలం పాటలు వచ్చి ఆ పద్ధతి పోయింది గానీ, ఆయన గుట్టు పోలేదు. ఎమ్మిగనూరు నుంచి కాపురానికి వచ్చిన విశాలాక్షికి నలభై రెండేళ్లుగా, భర్త ఏ ఊరు పోతున్నాడో పక్కింటివాళ్లు చెబితేనే తెలిసేది. అడగడం ఎప్పుడో మానేసింది. బాధపడటం మాత్రం మానలేదు.

రెండేళ్ల కిందట బెంగళూరులో గుండెకు వైద్యం చేయించుకుని వచ్చాక ఆయనకు పాస్‌వర్డుల బెడద పట్టుకుంది. ఫోనులో ఒకటి, అంగడి కంప్యూటర్‌లో ఒకటి, ఇంట్లో ట్యాబులో ఇంకొకటి. చీటీలు రాసుకుంటే చొక్కాతో పాటు ఉతుకులోకి పోయేవి. అన్నిటినీ ఒకేచోట దాచే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోమంది మనవరాలు సాయిసుధ. ఆయన దాన్నీ పత్తి నాణ్యం చూసినట్టే చూశాడు, దూదిపింజ లాగి లాగి. ఒకటి ఫోనులో బాగుంది, కంప్యూటర్‌లో రాదు. ఇంకొకటి రెండో పరికరానికి డబ్బు కట్టమంది. మూడోది మూడింట్లోనూ పనిచేసింది.

"దీని అసలు తాళం నేను మర్చిపోతే?" అన్నాడు.

"కంపెనీ వాళ్లకు గూడా తెలీదు తాతా. ఎవురూ తెరవలేరు."

"అట్లాదే కావాల."

ఆ తాళంలో అక్షరాలు కూడా కలపమని పిల్ల ఎంత చెప్పినా వినలేదు. పన్నెండు అంకెలే పెట్టాడు, అదీ పిల్లను అటు తిరగమని మరీ.

మొన్న సోమవారం అంగట్లోనే పక్షవాతంతో పడిపోయాడు. కుడి చెయ్యీ మాటా రెండూ పోయాయి. ఆసుపత్రిలో డాక్టరు, గుండెకు అప్పుడేం చేశారో చూడందే ముందుకు పోలేనన్నాడు. ఆ కాగితాలు ఆయన మెయిల్లో ఉన్నాయి. మెయిల్ పాస్‌వర్డేమో ఆ మేనేజర్‌లో ఉంది. బెంగళూరుకు ఫోన్ చేస్తే వెతికి పంపడానికి రెండు రోజులన్నారు. డాక్టరు అంతసేపు ఆగలేమన్నాడు.

ఎడమ చేతికి పెన్ను ఇస్తే జారిపోయింది. సాయిసుధ అంకెలు ఒక్కొక్కటే చదివి, అవునంటే కన్నార్పమంది. వార్డులో పదిమంది వింటుండగా ఇదేం పని అన్నట్టు ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చినా ఈ మనిషి మారడని విశాలాక్షికి ఒళ్లు మండింది.

మధ్యాహ్నం ఆలూరు నుంచి లక్ష్మప్ప చూడటానికి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా పత్తి తెచ్చిన రైతు. సంగతి విని, భుజం మీది తువ్వాలు తీసి ఆయన ఎడమ చేతి మీద కప్పి, తన చెయ్యి లోపల పెట్టాడు. హనుమంతరాయుడు చెయ్యి లాగేసుకుని భార్య వైపు చూశాడు.

"నాకు గాదంటమ్మా. సావుకారు నీకే సెప్తాడంట," అన్నాడు లక్ష్మప్ప.

"నాకా? నాకేం తెలుసప్పా ఆ లెక్క!"

"రామ్మా, ఆడ కూసుందాం. నేను నేర్పిస్తా."

వరండా బల్ల మీద పావుగంట నేర్పాడు. ఎన్ని వేళ్లు పడితే అంత అంకె. అయిదు దాటితే ముందు అరచేతిలో ఒక నొక్కు, అది అయిదు; మిగతాది వేళ్లు. పిడికిలి పడితే సున్న. అరవై దాటిన మనిషి బడిపిల్లలా వల్లె వేసుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది. తువ్వాలు కింద ఆయన వేళ్లు ఆమె వేళ్లను ఒక్కొక్కటే పట్టాయి. మొదటిసారి ఏడో అంకె తప్పిపోయింది. రెండోసారి ఫోనులో ఆ తాళం తెరుచుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఆయన తనకు చెప్పిన మొదటి గుట్టు ఇదేనని తోచి ఆమెకు ఏడుపొచ్చింది.

కాగితాలు డాక్టరు చేతికి వెళ్లాయి. వైద్యం మొదలైంది. సాయిసుధ ఫోను మూయబోతూ ఆగింది.

"అవ్వా, ఈడ చూడు. తాతకేమన్నా అయితే దీన్ని తెరిచేకి ముందే ఒకరిని పెట్టుకోవచ్చంట, నాకూ తెలీదు. నీ పేరే రాసినాడు. రెండేళ్లాయ."

"మరి నాకు తెలీలేదేమే?"

"ఆ కబురు మెయిల్‌కే వస్తుంది, నీకు మెయిల్ లేదు గదా. నీతో చెప్పి ఒకటి చేపించింటే అయిపోయేది. చెప్పలేదు. ఆడికే ఆగిపోయింది."

పేరు చూసి పొంగిపోవాల్సిన మనిషి ఫోను పక్కకు తోసింది. మంచం దగ్గరికి పోయి నిలబడింది.

"నా పేరు రాసేకి చెయ్యి ఆడింది. నాతో ఒక్క మాట చెప్పేకి మీకు నోరు రాలేదా?"

ఆయన నోరు తెరిచాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. మాట రాలేదు.