సెల్ టవర్ మీది గూడు

అమీర్‌పేటలో జావా కోర్సు చేస్తున్నప్పుడు ఎస్.ఆర్. నగర్‌లో ఒక మేడ మీది గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఉండే ఇంటావిడను ఆంటీ అని పిలిచేదాన్ని. బియ్యం బస్తాలు కొరికేస్తున్నాయని ఆవిడ ఎలుకలకు మందు పెట్టింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం బట్టలారేయడానికి డాబా ఎక్కితే, నీళ్ల ట్యాంకు పక్కన రెండు గద్దలు పడి ఉన్నాయి. ఒకటి చచ్చిపోయింది. రెండోది మెడ నిలపలేక రెక్కలు పరిచేసింది. ముక్కు వెంట నెత్తురు.

నా కేక విని పైకొచ్చిన ఆంటీ వాటిని చూసి, గోడ అవతలికి తొంగి చూసింది.

"సచ్చిన ఎలుకల్ని నేనే గోడ అవతల పారేసిన బిడ్డా. గవే తిన్నట్టున్నయి."

బతికున్నదానికి తువ్వాలు కప్పి, కంప్యూటర్ మానిటర్ అట్టపెట్టెలో పెట్టి, ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగినంతసేపూ ఆంటీ పెట్టె మీద చెయ్యి వేసి బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకుంటూనే ఉంది.

"ఈ మందుకి నెత్తురు గడ్డకట్టదమ్మా. ఇంజెక్షన్లు ఇస్తూ ఉంటే బతకొచ్చు" అన్నాడు డాక్టరు.

క్లాసులు ఎగ్గొట్టి రోజూ ఇంజెక్షన్లకు తిప్పాను. మాంసం ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని, పట్టకారుతో కోడి కార్జం ముక్కలు తినిపించడం నేర్చుకున్నాను. మొదట నోరు తెరిచి పెట్టాల్సి వచ్చేది. తర్వాత తనే లాక్కునేది.

డాక్టరు సరేనన్నాక డాబా మీద పెట్టె తెరిచాం. పిట్టగోడ ఎక్కి, ఒళ్లు విదిలించుకుని ఎగిరింది. ఆంటీ చప్పట్లు కొట్టింది.

అది తిన్నగా పక్క వీధిలోని సెల్ టవర్ మీద వాలింది. అక్కడ పుల్లల గూడుంది. అంచున కూర్చుని లోపలికి వంగి చూసింది. సన్నగా, సాగదీసి అరవడం మొదలుపెట్టింది.

ఆంటీ నన్ను వెంటబెట్టుకుని టవర్ కింద టీకొట్టతని దగ్గరికి వెళ్లింది. "గా గూట్లె పిల్లలుండెనా అన్నా?"

"ఉండెనక్కా. మస్తు ఒర్లినయి. తర్వాత సప్పుడే లేదు."

పడి ఉన్నవి జంట అనీ, వాటికొక గూడు ఉండొచ్చనీ మాకెవరికీ తట్టలేదు. ఆ టవర్ మా డాబా మీంచి రోజూ కనపడుతూనే ఉంది.

"దీన్నైనా బతికించాం కదా ఆంటీ" అన్నాను.

"ఏం బతికించినం బిడ్డా? దాని ఇల్లంత ముంచినంక!"

ఇంటికొచ్చాక ఆంటీ మిగిలిన ఎలుకల మందు డ్రైనేజీలో పోసేయబోయి, అందులోనూ ఏవో ప్రాణులుంటాయని ఆగిపోయింది. ఆ పొట్లాన్ని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకు కూర్చుంది.